సంపాదన ఆమెది, సొమ్ము ఎవరిది?

చిత్తూరు పడమటి మండలాలలో ముస్లిం ఇల్లాలు పనీపాటా లేక ఇంట్లో కూర్చుని ఉంటుందని ఎవరైనా అనుకుంటే, వారు ఆ ఊళ్లను బస్సు కిటికీలో నుంచి మాత్రమే చూశారని అర్థం. జిల్లాల హద్దులు మారినా ఆ ప్రాంతానికి పడమటి మండలాలన్న పేరు పోలేదు. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద నేసిన పట్టుచీరలు తెచ్చి, ముందుగదిలో చాప పరచి, ఇరుగుపొరుగు స్త్రీలకు కంతుల మీద అమ్మే ఆపాలు ఉన్నారు. పుంగనూరులో చింతపండు కాలం వచ్చిందంటే, వ్యాపారి తూచి ఇచ్చిన కాయ ఇళ్లకు చేరుతుంది. అత్తా కోడలూ కలిసి కూర్చుని కొట్టి, పెంకు, నార, గింజ తీసి, తిరిగి తూచి అప్పగిస్తే కిలోకు ఇంత అని కూలి ముడుతుంది. కుప్పంలో తెల్లవారకముందే బెంగుళూరు రైలు కోసం నిలబడిన జనంలో బురఖాలు కూడా కనబడతాయి. ఇక కుట్టుమిషను చప్పుడు వినబడని వీధి ఈ మూడు ఊళ్లలోనూ లేదు. సాయంత్రం పూట పిల్లలకు అరబీ, ఉర్దూ నేర్పే ఉస్తానీలను కూడా ఈ లెక్కలో చేర్చవలసిందే.

కనుక స్త్రీ సంపాదించవచ్చునా, కూడదా అనే చర్చను ఈ మాసం మేము ఎత్తుకోవడం లేదు. బియ్యం ధర, ఇంటి అద్దె, బడి ఫీజు కలిసి ఆ చర్చను ఏనాడో ముగించాయి. మా ప్రశ్న వేరు. ఆ డబ్బు ఆమె చేతికి వచ్చిన తరువాత ఎక్కడికి పోతున్నది? ఎవరి పేరున నిలుస్తున్నది? దానిని ఖర్చు చేయడానికి ఎవరి మాట కావలసి వస్తున్నది? ‘స్వాతంత్ర్యం’ అన్న మాట వినగానే మన పెద్దలలో కొందరు ఉలిక్కిపడతారు. ఇల్లాలు గడప దాటి వెళ్లిపోతుందన్నట్లుగా వారికి తోస్తుంది. గడప దాటిందా లేదా అన్నదాన్ని బట్టి స్వాతంత్ర్యాన్ని కొలిస్తే లెక్క తప్పుతుందని మా అభిప్రాయం. ప్రతిరోజూ గడప దాటి వెళ్లి సంపాదించి, నెల మొదటి తారీఖున జీతం కవరును విప్పకుండానే అప్పగించే స్త్రీలున్నారు. గడప దాటకుండానే తన సొమ్మును తాను ఏలుకునే స్త్రీలూ ఉన్నారు.

గృహిణి స్వాతంత్ర్యం అనగానే చాలామంది అమెరికా వైపు చూస్తారు. కొందరిది ఆశ, కొందరిది భయం. అక్కడ జరిగినదాన్ని నిదానంగా గమనిస్తే ఆ రెండూ కొంత తగ్గుతాయి.

రెండవ ప్రపంచయుద్ధం జరిగినన్నాళ్లూ అమెరికాలో స్త్రీలు విమానాల కర్మాగారాలలో, ఓడల రేవులలో మగవారి స్థానంలో పనిచేశారు. 1945లో యుద్ధం ముగిసి సైనికులు తిరిగి రాగానే వారిలో చాలామందిని ఇళ్లకు పంపివేశారు. తిరిగి వచ్చిన సైనికులకు ప్రభుత్వం పూచీతో ఇంటి అప్పులు దొరికాయి; నగరాల శివార్లలో కొత్త కాలనీలు లేచాయి. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్ వాటిలో పేరు మోసినది. నాలుగేళ్లలోనే అక్కడ ఒకే అచ్చులో పోసినట్లుండే ఇళ్లు 17 వేలు దాటాయి. నల్లజాతివారికి ఆ ఇళ్లు అమ్మేవారు కారన్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆ కాలనీలలో భర్త ఉదయమే కారెక్కి నగరానికి వెళ్లేవాడు. భార్యకు ఫ్రిజ్ ఉండేది, బట్టలుతికే యంత్రం ఉండేది, పచ్చిక వాకిలి ఉండేది. తనదని చెప్పుకోదగిన డబ్బు మాత్రం ఉండేది కాదు. అన్నీ ఉండి ఏమీ లేనట్లున్న ఆ వెలితికి బెట్టీ ఫ్రీడన్ 1963లో ‘ద ఫెమినిన్ మిస్టీక్’ అనే గ్రంథంలో ఒక పేరు పెట్టింది.

అయితే ఆ గ్రంథం రావడానికి పదేళ్ల ముందే కొందరు గృహిణులు ఏ గ్రంథమూ చదవకుండానే ఒక దారి కనుగొన్నారు. ఎర్ల్ టప్పర్ అనే ఆయన ప్లాస్టిక్ గిన్నెలు తయారుచేశాడు. మూతను నొక్కి లోపలి గాలిని బయటికి పంపితేనే అవి గట్టిగా మూతపడతాయి. ఈ కిటుకు తెలియక దుకాణాలలో వాటిని ఎవరూ కొనలేదు. పక్కింటి ముందుగదిలో పదిమంది స్త్రీలను కూర్చోబెట్టి, గిన్నెను చేతబట్టి చూపిస్తే మాత్రం వెంటనే అమ్ముడుపోయాయి. ఈ పద్ధతిలో అందరినీ మించిపోయిన స్త్రీ బ్రౌనీ వైజ్. భర్తతో విడాకులై, ఒక కొడుకును ఒంటరిగా పెంచుకుంటున్న తల్లి ఆమె. 1951లో టప్పర్ తన గిన్నెలను దుకాణాల నుంచి పూర్తిగా వెనక్కు తీసుకుని, ఇళ్లలో జరిగే అమ్మకాలన్నింటికీ ఆమెను అధిపతిని చేశాడు. 1954 ఏప్రిల్‌లో ‘బిజినెస్ వీక్’ పత్రిక ఆమె బొమ్మను ముఖచిత్రంగా వేసింది. ఆ పత్రిక ముఖచిత్రంగా ఒక స్త్రీ రావడం అదే మొదలు. ఆమె శిక్షణలో వేలాది గృహిణులు అమ్మకందార్లయ్యారు. ఊరు దాటనక్కరలేదు, పిల్లలను వదలనక్కరలేదు. సాయంత్రం రెండు గంటలు పొరుగింట గడిపి వస్తే చేతిసంచిలో తన డబ్బు ఉండేది. సోఫాకు బదులు చాప, కాఫీకి బదులు చాయ్ పెట్టుకుంటే, మన మదనపల్లె ముందుగదికీ దానికీ పెద్ద తేడా లేదు.

ఆ తరువాత జరిగినది చెప్పడానికే మేము ఈ కథ ఎత్తుకున్నాము. 1958 జనవరిలో టప్పర్ ఆమెను ఉద్యోగం నుంచి తొలగించాడు. అప్పుడు లెక్క చూసుకుంటే ఆ కంపెనీలో ఆమె పేరున ఒక్క వాటా కూడా లేదు. న్యాయస్థానం దాకా వెళ్లిన మీదట దక్కినది ఒక్క ఏడాది జీతం, సుమారు 30 వేల డాలర్లు. అదే ఏడాది టప్పర్ ఆ కంపెనీని 1 కోటి 60 లక్షల డాలర్లకు అమ్ముకున్నాడు. వేలాది స్త్రీలకు సంపాదించడం నేర్పినావిడ తన పేరున ఏమీ వ్రాయించుకోలేదు, ఎవరూ వ్రాసియ్యలేదు. ఆ వేలాది స్త్రీల పరిస్థితి కూడా అంతంతమాత్రమే. సంపాదించే భార్య అయినా సరే, అప్పు కావాలంటే భర్త సంతకం తెమ్మని అక్కడి బ్యాంకులు అడిగేవి. స్త్రీ అన్న కారణంగా, పెళ్లయినదన్న కారణంగా అప్పు నిరాకరించకూడదని అమెరికాలో చట్టం వచ్చినది 1974లో. చంద్రుని మీద మనిషి నడిచిన ఐదేళ్లకు!

పేరున ఆస్తి లేని ఇల్లాలి మాటకు విలువెంత అన్న ప్రశ్న మన మదనపల్లెకు కూడా కొత్తది కాదు. జనగణమన గీతాన్ని రవీంద్రనాథ్ టాగోర్ 1919లో ఆ ఊరిలోనే ఆంగ్లంలోకి అనువదించారని, దాని బాణీకి స్వరం కట్టడంలో మార్గరెట్ కజిన్స్ తోడ్పడ్డారని మన పిల్లలు బడిలో చదువుకుంటారు. ఐర్లండ్‌లో స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడి జైలుకు వెళ్లివచ్చిన ఈమె, భర్త జేమ్స్ కజిన్స్ అక్కడి థియోసాఫికల్ కళాశాలలో పనిచేయడం వలన మదనపల్లె ఇల్లాలైంది. అక్కడి స్త్రీలను ఒకచోట చేర్చే సమాజంలో పనిచేసింది. 1917లో అడయారులో భారత మహిళా సంఘం పుట్టినప్పుడు దాని వెనుక ఉన్నవారిలో ఆమె ఒకరు. అదే ఏడాది డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన కొందరు స్త్రీలు మద్రాసులో భారతమంత్రి మాంటేగును కలిసి ఓటుహక్కు కోరారు. ఆ విన్నపం వెనుక ఉన్న కలం కజిన్స్‌ది. ఆ బృందంలో బేగం హస్రత్ మొహానీ కూడా ఉన్నారన్నది మన పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం.

1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు ఇవ్వడానికి అంగీకరించింది. దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం మద్రాసే, అందులో మన చిత్తూరు జిల్లా ఉన్నది. కాని ఆనాటి ఓటు ఆస్తికి కట్టిన ఓటు. పన్ను కట్టేంత ఆస్తి తన పేరున ఉన్న స్త్రీకే అది దక్కింది. తండ్రి వ్రాసియ్యగా వచ్చిన ఇల్లున్న వితంతువుకు ఓటు వచ్చింది. నడుముకు ఇంటి తాళాలన్నీ వేలాడుతున్న ధనికుని భార్యకు, ఆ ఇంట తన పేరున ఏమీ లేదు గనుక, రాలేదు. 1935 చట్టంలో ఈ లోపం సవరించామన్నారు. ఎలాగంటే, ఆస్తిగల పురుషుని భార్య అయినందుకు కూడా ఓటు ఇచ్చారు. అంటే ఆ చట్టాల కంటికి ఇల్లాలు రెండు విధాలుగానే కనబడింది: ఆస్తి ఉన్న మనిషిగా, లేదా ఆస్తి ఉన్నవాని భార్యగా. వయసు వచ్చిన ప్రతివారికీ ఓటు అన్న నియమం మన రాజ్యాంగంతో గాని రాలేదు.

ఇక్కడ మన పాఠకులు మమ్మల్ని ఆపి, ఇస్లాం ఈ పని పద్నాలుగు శతాబ్దాల క్రితమే చేసింది గదా అంటారు. నిజమే. నిసా సూరాలోని 4వ వాక్యం మహర్‌ను భార్యకే సంతోషంగా ఇవ్వమంటున్నది. ఆమె తనంతట తాను కొంత వదిలితేనే భర్తకు అది ధర్మసమ్మతం. 7వ వాక్యం తల్లిదండ్రుల ఆస్తిలో స్త్రీకి వాటా నిర్ణయించింది. 32వ వాక్యం ఎవరి సంపాదన వారిదేనని పురుషునికీ స్త్రీకీ విడివిడిగా చెప్పింది. ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ తన ఆస్తిని తన పేరున ఉంచుకోగల చట్టం 1882లో వచ్చింది. అప్పటిదాకా పెళ్లినాడే అది చాలావరకు భర్త వశమయ్యేది. ఈ పోలికను మన సభలలో గర్వంగా చెప్పుకుంటాము, చెప్పుకోవచ్చు కూడా. కాని పోలిక చెప్పి చప్పట్లు కొట్టించుకుని ఇంటికి వచ్చాక బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో చూసుకోవడం మాత్రం చాలామందికి గుర్తుండదు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) గారి భార్య హజ్రత్ జైనబ్ (రజి) సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్నది. భర్త పేదవారు. ఆమె దగ్గర సొమ్ము ఉన్నది. తన పోషణలో అనాథలు ఉన్నారు. దానం చేయమని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) స్త్రీలకు ఉద్బోధించినప్పుడు ఆమెకు సందేహం వచ్చింది. నా సొమ్మును నా భర్త మీద, నా ఒడిలోని అనాథల మీద ఖర్చు చేస్తే అది దానం క్రింద చెల్లుతుందా అని హజ్రత్ బిలాల్ (రజి) ద్వారా అడిగించింది. చెల్లుతుందని, బంధుత్వాన్ని నిలిపినందుకు ఒకటి, దానానికి ఒకటి, రెండు పుణ్యాలు లభిస్తాయని సమాధానం వచ్చింది. ఈ హదీసును మనవాళ్లు భార్య భర్తకు సాయపడాలని చెప్పడానికి వినియోగిస్తారు. అది సరైన వినియోగమే. అయితే దానిలో ఇమిడి ఉన్న మరొక సంగతి ఎవరి నోటా రాదు. తనది కానిదాన్ని ఎవరూ దానం చేయలేరు. భర్తకు ఇచ్చినా అది దానమే అయిందంటే, ఇవ్వకముందు ఆ సొమ్ము పూర్తిగా ఆమెదే. ఇంటి పోషణ భారం భర్తదే. భార్య ఇస్తే అది ఆమె ఔదార్యం, భర్త కృతజ్ఞత చెప్పదగిన ఔదార్యం.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. ఆచరణలో ఏం జరుగుతున్నదో ఈ మూడు ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. నికాహ్ నాడు ఖాజీగారు మహర్ మొత్తాన్ని గట్టిగా చదువుతారు. అప్పటికప్పుడు ఇవ్వవలసినదా, తరువాత ఇచ్చేదా అని అడిగితే, తరువాత అన్న మాటే ఎక్కువగా వినబడుతుంది. ఆ ‘తరువాత’ చాలామందికి భర్త జనాజా దగ్గర వస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లో, బంధువో, శవం ప్రక్కన కుప్పకూలి ఉన్న ఆమెను మహర్ మాఫ్ చేయమని అడుగుతారు. ఆ క్షణాన ఏ స్త్రీ లేదని అనగలదు? ఇది స్వచ్ఛంగా వదులుకోవడం ఎలా అవుతుందో మాకు అర్థం కాదు. మరోవైపు, వరుని వైపువారికి ముట్టవలసిన కట్నం మాత్రం పెళ్లికి వారం ముందే లెక్కపెట్టి అందుతుంది. షరీఅత్ విధించినది అప్పుగా, షరీఅత్ ఎరుగనిది రొక్కంగా!

పుట్టింటి వాటా సంగతి ఇంకా మౌనంగా సాగుతుంది. తండ్రి చనిపోయాక అన్నదమ్ములు కాగితం తెస్తారు, ఆడబిడ్డ సంతకం పెడుతుంది. సంతకం పెట్టకపోతే పండుగకు పిలుపు రాదన్న భయం ఆమెది. షరీఅత్ వర్తింపు చట్టం 1937లో వచ్చినప్పుడు వ్యవసాయ భూమిని అందులో చేర్చలేదన్న సాకు ఒకటి కొన్నిచోట్ల వినబడుతూ ఉంటుంది. ఆ సాకు ఈ ప్రాంతంలో చెల్లదు. మద్రాసు రాష్ట్రం 1949లో ఆ చట్టాన్ని సవరించి వ్యవసాయ భూమిని కూడా చేర్చింది, అప్పుడు చిత్తూరు ఆ రాష్ట్రంలోనే ఉన్నది. మడి అయినా, మామిడితోట అయినా, కూతురి వాటా కూతురిదే.

ఇక నగలు. మదనపల్లె టమోటా మార్కెట్టు పేరు దేశమంతా తెలుసు. 2023 జులైలో అక్కడ కిలో టమోటా నూరు రూపాయలు దాటి ఎంతో పైకి పోయింది. ఇంకొక ఏడాది కోత కూలి కూడా రాక అదే కాయను రోడ్డు ప్రక్కన పారబోసిన రోజులున్నాయి. ఈ జూదం వంటి పంటకు పెట్టుబడి ఎక్కడనుంచి వస్తుంది? చాలా ఇళ్లలో ఇల్లాలి గాజులూ, గొలుసూ బ్యాంకుకు వెళతాయి. ధర వస్తే మొదట బాకీలు, తరువాత కొత్త పైపులు, ఆ తరువాత మోటారు బండి. గాజులు వచ్చేది చివరికి. ధర రాకపోతే అవి వేలానికి పోతాయి. పంట అవసరానికి భార్య నగ ఇవ్వడం తప్పని మేము అనడం లేదు. ఎందరో మంచి భార్యలు ఇలాగే సంసారాలు నిలిపారు. కాని అది అప్పు అన్న సంగతి, తీర్చవలసినదన్న సంగతి, ఇంట్లో ఎవరి నోటా రాకపోవడమే బాధ. దుకాణదారు దగ్గర తెచ్చిన ఎరువుకు చీటీ ఉంటుంది. భార్య గొలుసుకు ఉండదు.

పొదుపు సంఘాలలో కూడా ఇదే కథ మరొక రూపంలో సాగుతున్నది. పది పదిహేను మంది స్త్రీలు కలిసి, వారం వారం కూడి, ఒకరికొకరు హామీగా నిలిచే ఈ సంఘాలు స్త్రీలను ఒకచోటికి చేర్చిన మాట, బ్యాంకు మెట్లెక్కించిన మాట కాదనలేము. సంతకం నేర్చుకున్నవారు, మండలాఫీసులో అధికారి ఎదుట మాట్లాడడం నేర్చుకున్నవారు వీటివల్లే ఎక్కువ. అయితే అక్కడ అప్పుకు వడ్డీ ఉన్నది. వడ్డీ విషయంలో అల్లాహ్ ఆజ్ఞ స్పష్టంగా ఉన్నందున ధర్మభీతి గల ముస్లిం ఇల్లాలు వెనుకాడుతుంది. వెనుకాడడం ఆమె హక్కు. చిక్కు ఎక్కడంటే, కొన్ని ఇళ్లలో భర్తే ఆమెను సంఘంలో చేర్పించి, ఆమె పేరున అప్పు తెప్పించి, తన వ్యాపారంలో పెడతాడు. వ్యాపారం ఆయనది, బాకీ ఆమెది, పాపం పంపకంలో ఎవరికెంతో అల్లాహ్‌కే తెలుసు. వాయిదా తప్పితే సంఘంలో తల దించుకునేది మాత్రం ఆమె.

దీనికి బదులు మన వీధులలోనే ఒక పద్ధతి ఉన్నది. పన్నెండుమంది స్త్రీలు నెలకు సమానంగా వేసుకుని, పాట లేకుండా, లాటు తీసి ఒక్కొక్కరికి ఇచ్చే చీటీ. వేసినంతే వస్తుంది, ఎవరికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు, కనుక వడ్డీ లేదు. కుట్టుమిషను, తడిపిండి రుబ్బే గ్రైండరు, కంతులకు పెట్టుబడి చీరలు ఇలాంటి చీటీలతో కొనుక్కున్నవారు ఉన్నారు. దీనికి కావలసినది నమ్మకమూ, ఒక పుస్తకమూ. నమ్మకం మన స్త్రీలలో పుష్కలం. పుస్తకం వ్రాయడంలోనే బద్ధకం. తేదీ, మొత్తం, తీసుకున్నవారి సంతకం ఉండితీరాలి. అప్పు వ్రాసుకోమని చెప్పే బఖరా సూరాలోని 282వ వాక్యం ఖుర్ఆన్‌లోని వాక్యాలన్నింటిలో పెద్దది. వ్రాయించుకుంటే నమ్మకం లేనట్లని అలిగేవారికి ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

కుప్పంలో జరిగిన ఒక ప్రయోగం ఇక్కడ చెప్పుకోదగినది, ఇప్పటికి అందరూ మరచిపోయినా. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ అనే అమెరికా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పం ప్రాంతంలో ‘ఐ కమ్యూనిటీ’ అనే కార్యక్రమం చేపట్టింది. పల్లెలలో కంప్యూటరు కేంద్రాలు పెట్టడం దాని ప్రధాన ఉద్దేశం. అందులో ఒక చిన్న భాగంగా, అప్పటిదాకా ఇంటిపనీ పిల్లల పెంపకమే లోకంగా ఉన్న కొందరు స్త్రీలను పొదుపు సంఘాల నుంచి ఎంచి, ఫోటోలు తీయడం నేర్పారు. డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటికి విద్యుత్తు ఇచ్చే సౌరఫలకం భుజాన వేసుకుని ఆ స్త్రీలు ఊరూరా తిరిగారు. గుర్తింపు కార్డులకు, పెళ్లిళ్లకు, పుట్టిన బిడ్డలకు అక్కడికక్కడే బొమ్మ తీసి చేతికిచ్చారు. కొద్ది నెలలలో ఒకరి కుటుంబాదాయం దాదాపు రెండింతలైందని ఆనాటి అమెరికా పత్రికలు వ్రాశాయి. పరికరాలు మాత్రం కంపెనీ సమకూర్చినవి. కొన్నేళ్లకు ఆ కార్యక్రమం ముగిసింది. ఆపైన ప్రతి జేబులోనూ కెమెరా ఉన్న ఫోను వచ్చింది.

ఆ ప్రయోగం వృథా అయిందని మేము అనము. మగవారి మధ్య నిలబడి ‘కొంచెం ఇటు తిరగండి’ అని చెప్పడం నేర్చుకున్న గొంతు కెమెరాతో పాటు వెనక్కు పోదు. కాని పనిముట్టు ఎవరిదైతే చివరిమాట వారిదే. బ్రౌనీ వైజ్‌కు ఫ్లోరిడాలో ఎదురైనదీ ఇదే. సౌదీ నుంచి, కువైట్ నుంచి భర్త పంపిన డబ్బుతో మదనపల్లెలో ఇల్లు కట్టించే భార్యలకు ఎదురవుతున్నదీ ఇదే. మేస్త్రీతో బేరమాడేది ఆమె, సిమెంటు బస్తాలు లెక్కపెట్టేది ఆమె, మునిసిపాలిటీ చుట్టూ తిరిగేది ఆమె. పదేళ్ల పాటు ఆ ఇంటికి ఆమే అమీరు. భర్త తిరిగివచ్చిన మరునాటి నుంచి పాల లెక్క కూడా ఆయన అడుగుతాడు. ఇంటి దస్తావేజులో పేరు ఆయనదే కాబట్టి అడిగే హక్కు ఉందనుకుంటాడు. డబ్బు ఆయనది అన్న మాట నిజమే. పదేళ్ల ఆమె శ్రమకు ఆ కాగితంలో ఒక గది అయినా రాకూడదా? ఇష్టంగా భార్యకు రాసియ్యడాన్ని హిబా అంటారు. దానికి షరీఅత్‌లో అడ్డేమీ లేదు, పైగా ప్రేమ పెంచే పని అది. అయితే నోటితో అని ఊరకుంటే చాలదు. ఆమె స్వాధీనం చేస్తేనే హిబా పూర్తవుతుంది.

ఇంతా చదివి, భర్తల మీద ఫిర్యాదు వ్రాశామని సోదరులు అనుకోవద్దు. కష్టకాలంలో భార్య సొమ్ముతో ఇల్లు గడవడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. హజ్రత్ ఖదీజా (రజి) సంపదను ఎవరి కోసం, ఏ కార్యం కోసం ఖర్చు చేశారో మనందరికీ తెలుసు. ఆ తల్లి ఇచ్చారు, ఎవరూ తీసుకోలేదు. తేడా అంతా అక్కడే. సంపాదించే భార్య వచ్చిన ఇంట్లో భర్త తన బాధ్యతను మెల్లగా సడలించుకుంటూ పోతే, ఆమెకు రెండు ఉద్యోగాలు మిగులుతాయి. ఇంటిపని ఎటూ తప్పదు, దాని మీద బజారు పని. అలసట తప్ప ఆమెకు ఏమీ పెరగదు. మా దృష్టిలో అది స్వాతంత్ర్యం కాదు, అమెరికా కాలనీలలోని ఇల్లాలికి ఉన్న పచ్చిక వాకిలి కూడా అందులో లేదు.

బ్యాంకు ఖాతా సంగతి ఒకటి మిగిలింది, అది చెప్పి ముగిస్తాము. 2014 తరువాత జన్‌ధన్ పేరుతో మన స్త్రీలలో చాలామందికి సొంత ఖాతాలు వచ్చాయి. పింఛను, గ్యాసు రాయితీ, ప్రభుత్వ పథకాల డబ్బు, ఇప్పుడు కంతుల వసూళ్లు కూడా నేరుగా అందులో పడుతున్నాయి. పాస్‌పుస్తకం మీద పేరు ఆమెదే. ఏటీఎం కార్డు మాత్రం ఎక్కువ ఇళ్లలో భర్త జేబులో ఉంటుంది. ఖాతాకు కలిపిన ఫోన్ నంబరు కొడుకుదై ఉంటుంది. డబ్బు తీసినప్పుడు వచ్చే సందేశమూ, ఓటీపీ అంకెలూ అతని ఫోనుకు పోతాయి. తన ఖాతాలో ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి ఆమె కొడుకు కాలేజీ నుంచి వచ్చేదాకా కాచుకోవాలి. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండకపోవచ్చు. ఖాతా తెరిచిన రోజున ఆమెకు సొంత ఫోను లేదు, అంతే. ఇప్పుడు ఉన్నది. నంబరు మార్చడానికి ఖాతా ఉన్న శాఖకు ఆమె స్వయంగా వెళ్లాలి. పాస్‌పుస్తకం, ఆధార్ కార్డు, తన ఫోను వెంట తీసుకుని, అక్కడ ఇచ్చే దరఖాస్తు నింపి సంతకం చేయాలి. కార్డు రహస్య సంఖ్యను కూడా అదే రోజున ఏటీఎం దగ్గర మార్చుకోవచ్చు. రంజాన్‌లో జకాత్ లెక్క వేసేటప్పుడు ఆమె నగలూ ఆమె ఖాతా నిల్వా ఆమె లెక్కలోనే వేరుగా వేయాలి గనుక, ఈ పని షాబాన్‌లోనే పూర్తి చేసుకుంటే సౌకర్యం.